గ్రాములు తగ్గించేటప్పుడు చెప్పి తగ్గించండి: బహుళజాతి కంపెనీలకు గోదావరి డెల్టా కిరాణా కొట్ల బహిరంగ లేఖ

సబ్బులు, షాంపూలు, బట్టల పొడి, టీ పొడి, బిస్కెట్లు, పేస్టులు అమ్మే బహుళజాతి కంపెనీల యాజమాన్యాలకు,
తూనికలు కొలతల శాఖ అధికారులకు,

నమస్కారం.

మేం నరసాపురం, పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల ఊళ్ళలో, రేవు దాటితే సఖినేటిపల్లి, మలికిపురం వైపు పల్లెల్లో చిన్న కిరాణా కొట్లు నడుపుకునేవాళ్ళం. మీ రూపాయి, ఐదు, పది రూపాయల ప్యాకెట్లు ఇక్కడి జనం చేతికి చేరేది ఎక్కువగా మా కొట్ల మీదుగానే. ధర అలాగే ఉంచి లోపల బరువు తగ్గించే మీ పద్ధతి వల్ల ఏం జరుగుతోందో లైన్‌కి వచ్చే సేల్స్‌మన్‌కి చెప్పాం. కంపెనీ సరుకు మాకు పంచే ఏజెన్సీ యజమానికి చెప్పాం. ప్యాకెట్ వెనకాల ఉన్న కస్టమర్ కేర్ అడ్రసుకి రాశాం. సేల్స్‌మన్ నవ్వి ఊరుకున్నాడు, పాపం అతని చేతిలో ఏముంది? ఏజెన్సీవారు పైకి చెప్తామన్నారు. కస్టమర్ కేర్ నుంచి మా అభిప్రాయం చాలా విలువైనదని ఒక మెయిల్ వచ్చింది. ఆ విలువ ఎంతో గ్రాముల్లో కూడా తెలియలేదు. అందుకే నలుగురి ముందూ రాస్తున్నాం.

మా మార్కెట్ మీకు తెలియదని మేం అనం. మాకంటే బాగా తెలుసు. 1888లోనే లీవర్ కంపెనీ సన్‌లైట్ సబ్బు పెట్టెలు కలకత్తా రేవులో దిగాయి. అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ 1969లో సైకిల్ మీద నిర్మా పొడి అమ్మడం మొదలుపెట్టి సర్ఫ్‌ని వెనక్కి నెట్టేసరికి, సర్ఫ్ అమ్మే అదే లీవర్ కంపెనీ తక్కువ ధరకి వీల్ పొడి తెచ్చింది. తమిళనాడులోని కడలూరులో చిన్ని కృష్ణన్ గారు షాంపూని చిన్న సాచెట్లో పోసి అమ్మారు. ఆయన కొడుకు రంగనాథన్ 1983లో చిక్ షాంపూతో దాన్ని పల్లెపల్లెకూ తీసుకెళ్ళారు. ఆ తర్వాత సాచెట్ లేని పెద్ద కంపెనీ అంటూ లేదు. 2000 దశకం మొదట్లో కోకా కోలా 200 మిల్లీలీటర్ల సీసా ఐదు రూపాయలకి ఇచ్చింది. ఊళ్ళలో ఆడవాళ్ళ చేత సరుకు అమ్మించే లీవర్ వారి శక్తి పథకం మొదలైంది కూడా మన తెలుగు నేల మీదే, నల్గొండ జిల్లాలో. మాకు పక్కనే ధవళేశ్వరంలో హార్లిక్స్ ఫ్యాక్టరీ ఉంది. అక్కడి వాసన రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి కూడా తెలుసు.

ఈ విద్య మళ్ళీ మీ సొంత దేశాలకీ వెళ్ళింది. 2012లో యూరప్ అప్పుల సంక్షోభంలో ఉన్నప్పుడు, యూనిలీవర్ యూరప్ విభాగం అధిపతి యాన్ జైడర్‌వెల్డ్ ఒక జర్మన్ పత్రికతో ఈ మాటే చెప్పారు. యూరప్‌కి పేదరికం తిరిగి వస్తోందని, ఆసియాలో నేర్చుకున్న చిన్న ప్యాకెట్ల పద్ధతి అక్కడ వాడుతున్నామని. స్పెయిన్‌లో ఐదు ఉతుకులకు సరిపోయే సర్ఫ్ ప్యాకెట్, గ్రీసులో చిన్న మయోనైజ్ ప్యాకెట్ అలా వచ్చినవే. అంటే కష్టకాలంలో పేదవాడి జేబుకి తగ్గట్టు సరుకు కట్టడం మీరు మా దగ్గర నేర్చుకున్నారు. అందులో తప్పేం లేదు. రోజుకూలీ మనిషికి నెల సరుకు ఒకేసారి కొనే స్తోమత ఉండదు. సాచెట్ రాకముందు ఆ మనిషికి షాంపూయే లేదు, కుంకుడుకాయలే. ఇంకో మాట కూడా న్యాయంగా ఒప్పుకోవాలి. షాంపూలో చాలాసార్లు సీసా కంటే సాచెట్టే చవక. లెక్క తెలిసిన ఇల్లాళ్ళు సీసా వదిలేసి సాచెట్ల దండే పట్టుకెళ్తారు.

మా పేచీ చిన్న ప్యాకెట్‌తో కాదు. అది చడీచప్పుడు లేకుండా ఇంకా చిన్నదైపోవడంతో.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, మా డెల్టాలో ఇప్పుడు డబ్బు ఆడడం లేదు. దేశంలో రొయ్యల ఎగుమతిలో మన రాష్ట్రానిది మొదటి స్థానం. కొనేవాళ్ళలో మొదటి స్థానం అమెరికాది. 2025 ఆగస్టు 27 నుంచి ఆ దేశం మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. రొయ్య మీద అంతకుముందు నుంచీ ఉన్న సుంకాలు దానికి అదనం. ఆ దెబ్బకి ఇక్కడ కౌంట్ ధరలు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన కట్టే ధరలు, పడ్డాయి. కొంతమంది రైతులు ఉన్న సరుకు తొందరపడి పట్టేసి, మళ్ళీ పిల్ల వేయకుండా చెరువు వదిలేశారు. చెరువు ఆగితే రైతు ఒక్కడే ఆగడు. గట్టు మీద కాపలా ఉండే కుర్రాడు, మేత బస్తాలు దించే మనిషి, పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టే) రోజున వల లాగే కూలీలు, ఐస్ ఫ్యాక్టరీ వాళ్ళు, ట్రాలీ ఆటో డ్రైవర్లు, రొయ్యల ఫ్యాక్టరీలో నిలబడి తలలు తీసే ఆడవాళ్ళు, అందరూ ఆగుతారు. ఫ్యాక్టరీకి వారమంతా వెళ్ళే మనిషిని మూడు రోజులే రమ్మంటే ఆ ఇంటి ఖర్చు మొదట తగ్గేది మా కొట్లోనే. సుంకం తర్వాత ఎటు మారినా, అప్పుడు ఆగిన కూలి వెనక్కి రాదు, అప్పుడు రాసిన అప్పు చెరిగిపోదు. మీ మూడు నెలల నివేదికల్లో ఇదంతా పల్లెల్లో గిరాకీ తగ్గిందని ఒక వాక్యం అవుతుంది. మేత కంపెనీల సంగతి రైతులు వేరే మాట్లాడతారు, అది మా లేఖలో విషయం కాదు.

ఇలాంటి కాలంలో మీరు వేసే ఎత్తు ఒకటే. పది రూపాయల అంకె ముట్టుకోరు, గ్రాములు ముట్టుకుంటారు. దీనివల్ల ఇక్కడ ఎవరికి ఏమవుతోందో రాస్తున్నాం.

1. బరువు తగ్గించడం అంటే ధర పెంచడమే, అదీ పేదవాడికి ఎక్కువగా. ఒక పది రూపాయల ప్యాకెట్‌లో 60 గ్రాములు ఉండేది 50 అయిందనుకోండి. పోయింది ఆరో వంతేగా అనిపిస్తుంది. కిలో లెక్క వేస్తే దాదాపు 167 రూపాయలున్న సరుకు 200 అయింది. అంటే 20 శాతం పెంపు. ఇదే సరుకు కిలో ప్యాకెట్ కొనే ఉద్యోగస్తుల ఇంట్లో ధర పెరిగితే ఎమ్మార్పీ మీద కనిపిస్తుంది. వాళ్ళు అడుగుతారు, బ్రాండ్ మారుస్తారు, ఆఫర్ వచ్చేదాకా ఆగుతారు. పది రూపాయల ప్యాకెట్ కొనే మనిషికి ఆ అవకాశమే లేదు. కనిపించే అంకె అలాగే ఉంది కదా. ఆమెకి తెలిసేది ఒక్కటే: శనివారం కూలి డబ్బులు వచ్చేదాకా సరిపోవాల్సిన బట్టల పొడి గురువారమే అయిపోతోంది. గురువారం నాడు చేతిలో డబ్బు ఉండదు. కొట్టుకి వచ్చి రాసుకోమంటుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలకి సమానంగా వచ్చే బిస్కెట్లు ఇప్పుడు ఒకటి తక్కువ వస్తాయి. ఇది చిన్న విషయం అనుకునేవాళ్ళు సాయంత్రం పూట స్కూలు వదిలాక ఒక గంట మా కొట్టు ముందు కూర్చోవాలి.

2. మీరు చెప్పకపోతే తిట్లు మాకు. సబ్బు తొందరగా అరిగిపోతోంది, మీ కొట్లో డూప్లికేట్ సరుకు పెట్టారా అని మొహం మీదే అడుగుతారు. ఏళ్ళ తరబడి ఖాతా ఉన్న ముసలమ్మ, మా అమ్మ వయసు మనిషి, అలా అడిగితే ఏం చెప్పాలి? ప్యాకెట్ తిప్పి, కళ్ళజోడు పెట్టుకుని, ఆ చిన్న అక్షరాల్లో కొత్త బరువు వెతికి చూపిస్తాం. ఆమెకి చదువు రాదు. పాత ప్యాకెట్ పక్కన పెట్టి చూపించాలంటే పాతది ఉండదు. కవరు సైజు, రంగు, బొమ్మ అన్నీ అవే. చివరికి ఆమె నమ్మేది టీవీలో వచ్చే మీ బ్రాండ్‌నే, మమ్మల్ని కాదు.

3. కష్టకాలంలో ఈ మార్కెట్‌ని నిలబెడుతున్నది మా ఖాతా పుస్తకం, మీ ప్యాకెట్ కాదు. దీని మీద కొంచెం వివరంగా చెప్పాలి. పల్లెలో కిరాణా కొట్టు అంటే సగం అప్పుల లెక్క. రైతు పట్టుబడి అయ్యాక ఇస్తానంటాడు, దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక ఇస్తానంటాడు. లేసు అల్లే ఆమె ఎగుమతిదారు దగ్గర్నుంచి డబ్బు వచ్చాక ఇస్తానంటుంది. మామూలు రోజుల్లో ఈ డబ్బు ఆలస్యంగానైనా వస్తుంది. సుంకం దెబ్బ తర్వాత పట్టుబడి అయినా డబ్బు మేత అప్పుకి, లీజుకి, వడ్డీకి పోతోంది. మా దాకా రావడం లేదు. అయినా రోజువారీ సరుకు ఆపలేం. ఉప్పూ పప్పూ ఆపితే ఆ ఇంటివాళ్ళు మళ్ళీ మా గడప తొక్కరు, అంతకంటే ముందు మాకే ముద్ద దిగదు.

ఇటు మీ వైపు చూస్తే ఏజెన్సీకి బిల్లు వారంలో కట్టాలి. కొన్నిటికి సరుకు దించినప్పుడే. ఆలస్యమైతే తర్వాతి లోడు రాదు, స్కీము పోతుంది. ఏజెన్సీవాళ్ళని అని లాభం లేదు. వాళ్ళు కంపెనీకి ముందే కట్టి సరుకు తెచ్చుకుంటారు. కాబట్టి లెక్క తేల్చి చూస్తే కంపెనీకి డబ్బు ముందే చేరుతుంది, కొనేవాళ్ళ డబ్బు నెలల తర్వాత వస్తుంది, మధ్యలో ఆ ఖాళీ అంతా చిన్న కొట్టువాడు బంగారం తాకట్టు పెట్టో, వడ్డీకి తెచ్చో నింపుతున్నాడు. సంక్షోభంలో కూడా మా పల్లెల్లో అమ్మకాలు నిలబడ్డాయని మీరు ఇన్వెస్టర్లకి చెప్పుకుంటే, ఆ నిలబెట్టిన ఖర్చు ఎవరిదో కూడా చెప్పండి. బరువు తగ్గించి మీ లాభం కాపాడుకున్నారు, మంచిదే. తగ్గిన బరువు వల్ల ప్యాకెట్లు ఎక్కువ కావాలి, ఎక్కువ ప్యాకెట్లు అంటే ఎక్కువ అప్పు. అది మా నెత్తిన పడింది.

4. బరువు దింపేటప్పుడు ఉన్న తొందర మళ్ళీ పెంచేటప్పుడు లేదు. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపింది. నెల తిరక్కుండా, మే 23కి ఆ నిషేధం ఎత్తేసింది. ఉక్రెయిన్ యుద్ధం కూడా కలిసి ఆ ఏడాది నూనెలు మండిపోయాయి. సబ్బుకీ బిస్కెట్‌కీ నూనే ముడిసరుకు కాబట్టి మీరు బరువులు తగ్గించారు, అర్థం చేసుకున్నాం. నూనె ధర దిగాక ఆ ఏడాది అక్టోబరులో కొన్ని సబ్బుల ధరలు తగ్గిన మాట నిజం, అది దాచం. మళ్ళీ 2024 సెప్టెంబరులో మన ప్రభుత్వమే ముడి పామాయిల్ మీద సుంకాన్ని 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచింది. ఆ శీతాకాలంలోనే మా షెల్ఫుల మీద కొన్ని సబ్బులు చిక్కిపోయాయి. 2025 మే 30న ఆ సుంకం 16.5 శాతానికి దిగింది. దిగిన సంగతి మా కొట్లలో ఉన్న ఆ సబ్బులకి ఎవరూ చెప్పినట్టు లేదు. పామాయిల్ తోటలు మా పక్కనే, ఏలూరు జిల్లా మెట్టలో ఉన్నాయి. గెల ధర పెరిగిందో తగ్గిందో మాకు ఫోనులో సాయంత్రానికి తెలుస్తుంది. కాబట్టి ముడిసరుకు సాకు ఇక్కడ ఎక్కువ కాలం చెల్లదు.

5. పైసల గోల. 2025 సెప్టెంబరు 22న సబ్బులు, షాంపూలు, పేస్టులు, బిస్కెట్ల మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గింది. మంచి పని. అయితే 18 శాతం పన్ను ఉన్న ఐదు రూపాయల ప్యాకెట్ ఆ లెక్కన 4 రూపాయల 45 పైసలు కావాలి, రూపాయి సాచెట్ 89 పైసలు. పావలా, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ 30తోనే చెల్లకుండా పోయాయి. ఆ పైసలు మేం ఎక్కణ్ణుంచి తెచ్చి ఇవ్వాలి? టీవీలో ధరలు తగ్గాయని చెప్తుంటే కొట్టువాడు తగ్గించడం లేదని ఊరంతా మా మీద పడింది. ఆ తర్వాత పాత ధరకే ఎక్కువ గ్రాములున్న ప్యాకెట్లు రావడం మొదలైంది. అప్పుడు చూశాం మేము, ప్యాకెట్ ముందువైపు, పసుపు రంగులో, దూరం నుంచి కనిపించేలా, ఇంత శాతం అదనం అని. అంటే పెద్ద అక్షరాలు వేసే మిషను మీ దగ్గర ఉంది. పెరిగినప్పుడే తిరుగుతుంది, తగ్గినప్పుడు ఆగిపోతుంది.

6. పెద్ద మార్ట్‌కి ఒక ధర, మాకొక ధర. మేం ఏజెన్సీ నుంచి కొనే రేటు కంటే తక్కువకి అదే సరుకు భీమవరం, రాజమండ్రి పెద్ద మార్ట్‌లలో, ఫోన్ యాప్‌లలో దొరుకుతోంది. ఇది మా ఒక్కరి ఏడుపు కాదు. 2022 జనవరిలో మహారాష్ట్రలో డిస్ట్రిబ్యూటర్లు ఇదే విషయం మీద పెద్ద కంపెనీల సరుకు తీసుకోబోమని భీష్మించారు. బస్సు చార్జీ పెట్టుకుని మార్ట్‌కి వెళ్ళగలిగినవాళ్ళకి చవక, వెళ్ళలేనివాళ్ళకి ఖరీదు. గోదావరి లంకల్లో ఉండేవాళ్ళు పంటు (రేవు దాటించే పడవ) ఎక్కి వచ్చి కొనుక్కోవాలా?

7. ఖాళీ కవర్లు. ప్యాకెట్ చిన్నదయ్యేకొద్దీ కవర్ల సంఖ్య పెరుగుతుంది. ఏటా వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అడుగున ఏముంటుందో వచ్చి చూడండి. కాటన్ దొర ఆనకట్ట కట్టించి తవ్వించిన కాలువల్లో షాంపూ సాచెట్లు మట్టితో అట్టకట్టుకుని ఉంటాయి. తూములకి అడ్డుపడేవి అవే. పంచాయతీ మనుషులు తీసేవి కొన్ని, తగలబెట్టేవి కొన్ని. మీ ప్యాకింగ్ వ్యర్థాలకి మీరే బాధ్యులని 2022 ఫిబ్రవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. మా కాలువ గట్టుకి మాత్రం ఆ బాధ్యత ఇంకా రాలేదు.

ఇప్పుడు తూనికలు కొలతల శాఖ అధికారులకి ఒక మాట.

అయ్యా, మా కాటాకి ఏటా సీలు వేస్తారు. ఒక నెల ఆలస్యమైతే ఫైన్ కట్టిస్తారు. అది సరైనదే, కడతాం. కానీ మా కాటా మీద పది గ్రాములు తేడా వస్తే నేరం, ప్యాకెట్‌లో పది గ్రాములు తగ్గిస్తే చట్టబద్ధం. వెనకటికి టీ పొడి, బిస్కెట్లు, సబ్బులు, బట్టల పొడి వంటివి నిర్ణయించిన బరువుల్లోనే కట్టాలని ప్యాకేజీ సరుకుల నిబంధనల్లో ఒక షెడ్యూలు ఉండేది. 2022లో అది ఎత్తేశారు. దానికి బదులు గ్రాముకి ఎంతో ముద్రించాలన్నారు. ఉద్దేశం మంచిదే. ఆచరణలో కిలో లోపు ప్యాకెట్ మీద గ్రాము ధర రెండు దశాంశాలకి వేస్తారు. పది రూపాయల ప్యాకెట్‌లో 60 గ్రాములుంటే గ్రాము 0.17 రూపాయి. 58 గ్రాములకి తగ్గించినా లెక్క మళ్ళీ 0.17 దగ్గరే ఆగుతుంది. రెండు గ్రాములు మాయమైనా ముద్ర మారదు! ఇక పది గ్రాములు, పది మిల్లీలీటర్ల లోపు ప్యాకెట్లకి ఆ నిబంధనల నుంచే మినహాయింపు ఉంది. పేదవాళ్ళు ఎక్కువగా కొనేవి అవే.

ఇలా చెప్పి తగ్గించడం లోకంలో ఎక్కడా లేని కోరిక కాదు. బ్రెజిల్ కూడా మనలాంటి దేశమే. ప్యాకెట్ బరువు తగ్గిస్తే ఆ సంగతి ప్యాకెట్ మీదే రాయాలని 2002 నుంచీ అక్కడ నియమం ఉంది. 2021లో అలా రాయాల్సిన గడువు కనీసం ఆరు నెలలు చేశారు. పాత బరువెంత, కొత్త బరువెంత, ఎంత శాతం తగ్గిందో రాయాలి. ఫ్రాన్స్‌లో 2024 జూలై 1 నుంచి పెద్ద దుకాణాలు అలాంటి సరుకు దగ్గర రెండు నెలల పాటు బోర్డు పెట్టాలి. దక్షిణ కొరియాలో 2024 ఆగస్టు నుంచి తయారీదారులు మూడు నెలలు తెలియజేయాలి, లేదంటే జరిమానా. మీలో చాలామంది ఆ దేశాల్లో కూడా సరుకు అమ్ముతున్నారు. అక్కడ ఆ నియమాలకి తగ్గట్టు నడుచుకుంటున్నారు, కంపెనీలు మూతబడలేదు. సావోపాలోలో చెప్పగలిగిన మాట సఖినేటిపల్లిలో చెప్పడానికి అడ్డేమిటో మాకు తెలియడం లేదు.

ధర పెంచితే జనం కొనరు, పది పదకొండు అయితే చిల్లర దొరకదు అని మీరంటారు. అది నిజమే. పదకొండు రూపాయల ప్యాకెట్ మా కొట్లో కూడా కదలదు. అందుకే గ్రాములు తగ్గించవద్దని మేం అడగడం లేదు. స్వదేశీ కంపెనీలు కూడా ఈ విషయంలో తక్కువేం తినలేదు, కాబట్టి కింది డిమాండ్లు వాళ్ళకీ వర్తిస్తాయి.

మా డిమాండ్లు:

1. ఏ ప్యాకెట్ బరువు తగ్గించినా పాత బరువు, కొత్త బరువు రెండూ ముందువైపు, ధర అంకె ఎంత సైజులో ఉందో అంత సైజులో, తెలుగులో, ఆరు నెలల పాటు వేయాలి. అదనం అని వేయడానికి వాడే రంగే దీనికీ వాడాలి.

2. ముడిసరుకు పెరిగిందని బరువు తగ్గిస్తే, అది దిగినప్పుడు ఎన్ని నెలల్లో తిరిగి ఇస్తారో ముందే ప్రకటించాలి. పన్ను తగ్గినప్పుడు కూడా అంతే.

3. తూనికలు కొలతల శాఖ వారు గ్రాము ధరకి బదులు 100 గ్రాముల ధర వేయించాలని కేంద్రానికి సిఫారసు చేయాలి. 100 గ్రాములు 17 రూపాయలా 20 రూపాయలా అన్నది మా ముసలమ్మకి కూడా నోటితో చెప్పగలం. పది గ్రాముల లోపు ప్యాకెట్ల మినహాయింపు తీసేయాలి.

4. టీ పొడి, ఒంటి సబ్బు, బట్టల సబ్బు, పసిపిల్లల ఆహారం, ఈ నాలుగింటికైనా నిర్ణీత బరువుల పద్ధతి మళ్ళీ తేవాలి. మిగతావాటి సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

5. తుపాను, సుంకం, రోగం వల్ల పంట పోయి ఒక ప్రాంతంలో కూలి ఆగినప్పుడు, ఆ ప్రాంతపు చిన్న కొట్లకి కనీసం 30 రోజుల అరువు ఇవ్వాలి. ఆ భారం ఏజెన్సీల మీద నెట్టకుండా కంపెనీయే మోయాలి. ఈ లేఖలో మాకు అన్నిటికంటే అత్యవసరమైనది ఇదే.

6. ఏజెన్సీ ద్వారా మాకిచ్చే రేటు, పెద్ద మార్ట్‌లకీ యాప్‌లకీ ఇచ్చే రేటు మధ్య తేడా ఎంతో బయటపెట్టాలి. ఆ తేడా తగ్గించాలి.

7. బరువో ఎమ్మార్పీయో మారినప్పుడు మా దగ్గర మిగిలిన పాత సరుకు, గడువు తీరిన సరుకు వెనక్కి తీసుకోవాలి. తర్వాతి లోడులో చూద్దాం అనే జవాబు ఇక చాలు.

8. ఖాళీ సాచెట్లు మా కొట్ల దగ్గర పోగుచేస్తాం. కాలువలు కట్టే లోపు తీసుకెళ్ళే ఏర్పాటు మీరు చేయాలి. వందకి ఇంత అని పిల్లలకి ఇస్తే వాళ్ళే ఏరుకొస్తారు.

ఇందులో 1, 7, 8 మీరు తలుచుకుంటే రేపే చేయవచ్చు, ఏ చట్టమూ మారనక్కర్లేదు. 3, 4 అధికారుల పని. ఈ లేఖ ప్రతిని జిల్లా కలెక్టర్ గారికి, మా ఎమ్మెల్యే, ఎంపీ గార్లకి కూడా పంపుతున్నాం.

కొనేవాళ్ళకి కూడా ఒక విన్నపం. బరువులో అనుమానం వస్తే ముందు మమ్మల్ని అడగండి, ప్యాకెట్ తిప్పి చూపిస్తాం. అప్పటికీ సందేహం ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. పాత ఖాళీ కవర్లు దొరికితే పారేయకుండా మాకు ఇవ్వండి, పోల్చి చూపడానికి పనికొస్తాయి.

మీ జవాబు కోసం ఈ నెలాఖరు దాకా ఆగుతాం. రాకపోతే వచ్చే నెల ఒకటో తారీకు నుంచి మా కొట్ల ముందు నల్లబల్ల పెడతాం. ఏ బ్రాండ్ ప్యాకెట్‌లో పోయినసారి ఎన్ని గ్రాములు, ఈసారి ఎన్ని గ్రాములు, 100 గ్రాములు ఎంత పడుతోంది, ఇవి మాత్రమే రాస్తాం. మీ ప్యాకెట్ల మీద ఉన్న అంకెలే, కొంచెం పెద్ద అక్షరాల్లో. బరువు తగ్గించని బ్రాండ్ల పేర్లు కూడా అదే బల్ల మీద పైన రాస్తాం.

జవాబు తెలుగులో పంపితే కొట్టు దగ్గర అందరికీ చదివి వినిపిస్తాం.

ఇట్లు,
నరసాపురం, పాలకొల్లు, సఖినేటిపల్లి పరిసరాల చిన్న కిరాణా వర్తకులు